ఇటుకపొడి సర్వేయరు

బల్దొమేరో ఇతుర్బేకి ఒకే ఒక్క జబ్బు ఉండేది. బంతి ఎక్కడ పడిందో తన కళ్ళతో, కుదిరితే ముక్కుతో కూడా చూసుకుంటే తప్ప, సాక్షాత్తూ పోపుగారు రోము నుంచి దిగివచ్చి చెప్పినా నమ్మేవాడు కాదు. అంతటి టెన్నిస్ ఆటగాళ్ళు ఆ రోజుల్లో అర్జెంటీనా మొత్తం గాలించినా ముగ్గురో నలుగురో దొరికేవారు. అంతటి అనుమానప్పక్షి మాత్రం భూమి పుట్టాక ఇంకొకడు పుట్టలేదు.

అక్కడి కోర్టులు ఇటుకలు దంచి పరిచిన ఎర్రపొడి కోర్టులు. బంతి పడినచోట బొటనవేలితో నొక్కినట్టు ముద్ర పడుతుంది. గీతకు తగిలిందా లేదా అని పేచీ వస్తే అంపైరు తన నిచ్చెనకుర్చీ దిగి వచ్చి ముద్ర చూస్తాడు, తీర్పు చెబుతాడు, మళ్ళీ ఎక్కి కూర్చుంటాడు. మామూలు మనుషులకు అది గుక్కెడు మంచినీళ్ళు తాగేంత పని. బల్దొమేరోకి అది భూమి తగాదా.

ముందు టోపీ తీసి వలస్తంభానికి తగిలించేవాడు. ముద్ర చుట్టూ గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగేవాడు. తర్వాత మోకాళ్ళ మీద కూలబడి, చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి గీత వెంబడి గురి చూసేవాడు. చూపుడువేలితో ముద్ర చుట్టూ సున్నా చుట్టేవాడు. సున్నా వంకరగా వచ్చిందని చెరిపి మళ్ళీ చుట్టేవాడు. చుట్టుపక్కల పాత ముద్రలన్నిటికీ వంశవృక్షం చెప్పేవాడు. ఇది మొదటి సెట్లో పడింది, ఇది దాని తమ్ముడు, అదిగో అది పొద్దున ఎవరో ఆడవాళ్ళు ఆడినప్పటిది, వాళ్ళలో ఒకావిడది ఎడమచేతి వాటం. ఇంతా చేసి సగంసార్లు "బయటే పడింది, నువ్వన్నదే నిజం" అని దుమ్ము దులుపుకుని లేచేవాడు. తనకు రాని పాయింటు కోసం అబద్ధమాడిన పాపాన ఏనాడూ పోలేదు. జనానికి ఒళ్ళు మండేది అక్కడే. దొంగవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. నిజాయితీపరుడి చాదస్తానికి మందేది?

జనం అతనికి సర్వేయరు అని పేరు పెట్టేశారు. చివిల్కోయ్ ఊళ్ళో ఒక పేచీ మొదలయ్యేసరికి నెలలు నిండి కూర్చున్న ఇల్లాలు, అది తేలేసరికి పిల్లాడికి జ్ఞానస్నానం చేయించిందని చెప్పుకునేవారు. అజూల్‌లో పేచీ నడుస్తుండగా అంపైరు వదిలివెళ్ళిన కుర్చీ మీద పిట్ట ఒకటి మట్టిగూడు కట్టి గుడ్లు పెట్టిందని కూడా చెప్పుకునేవారు. ఆ రెండోది పచ్చి అబద్ధమని ఎవారిస్తో కిరోగా ఎక్కడ పడితే అక్కడ ఖండించేవాడు. పిట్ట గూడు కట్టిన మాట నిజమే గానీ గుడ్లు పెట్టలేదట.

ఎవారిస్తో మాట నమ్మాలి, ఎందుకంటే ఆ కుర్చీ అతనిదే. ఆటకు డబ్బు పుచ్చుకున్నవాడికి పెద్ద కప్పుల పోటీల గుమ్మం తొక్కే యోగ్యత లేని కాలం అది. ఒకప్పుడు రాజధానిలో పూలదండలు వేయించుకున్న ఛాంపియన్లు ప్రొఫెషనల్‌గా మారిన మర్నాటి నుంచి ఒక డొక్కు బస్సెక్కి పంపా మైదానాల్లో ఊరూరా తిరిగేవారు. ఆ బస్సు నడిపేది ఎవారిస్తో. వల కట్టేది, సున్నంతో గీతలు గీసేది, గోడల మీద పోస్టర్లు అంటించేది కూడా అతనే. మధ్యాహ్నం చేతులు కడుక్కుని, నల్లకోటు తొడుక్కుని, కుర్చీ ఎక్కి అంపైరైపోయేవాడు. ఛాంపియన్లు ఎవరెలా గురక పెడతారో, ఎవరి మేజోళ్ళు ఎంత కంపు కొడతాయో, ఓడిన రోజు ఎవరు అన్నం మీద అలుగుతారో అతనికి తెలిసినట్టు వాళ్ళ పెళ్ళాలకు కూడా తెలియదు.

సర్వేయరు చాదస్తం కోర్టు గీతల దగ్గర ఆగేది కాదు. రోడ్డు పక్కన బస్సాపి అందరూ గుండ్రంగా కూర్చుని మాతే ఆకుల కషాయం తాగేటప్పుడు గిన్నె చేతులు మారుతూ వస్తుందా, తన వంతు దాటిపోయిందని పేచీ పెట్టేవాడు. గడ్డి మీద ఎవరు ఎక్కడ కూర్చున్నారో నలిగిన గుర్తులు చూపించి మరీ వాదించేవాడు. అతని భార్య ఒతిలియా చెప్పేది ఇంకా ఘోరం. పెళ్ళిలో పాదిరీ "ఇతన్ని భర్తగా స్వీకరిస్తున్నావా" అని అడిగితే ఆమె సిగ్గుపడుతూ సరేనందట. పెళ్ళికొడుకు మెడ పక్కకు వంచి, "మళ్ళీ చెప్పమనండి ఫాదర్, గీత మీద పడ్డట్టుంది" అన్నాడట. "ఆ రెండోసారి కాదనేస్తే ఎంత హాయిగా ఉండేదో" అని ఒతిలియా అనేది, అంటూనే అతని చొక్కాకు గుండీ కుట్టేది.

ఒకసారైతే ఇద్దరు పశువుల ఆసాములు ఆ పేరు నిజమే అనుకుని, తమ కంచె తగాదా తీర్చమని గుర్రాల మీద వచ్చారు. కాదనాలి కదా. బల్దొమేరో వెళ్ళాడు. పచ్చికబయలులో బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి అటూ ఇటూ చూసి, ఇద్దరి కంచెలూ తప్పేనని, మధ్యలో ఉన్న నేల అసలు మూడో ఆసామిదని తేల్చాడు. అప్పటిదాకా ఇద్దరికే ఉన్న తగాదా ముగ్గురిదైంది. ముగ్గురూ కలిసి చాలాదూరం బస్సును తరిమారు. శత్రువులను ఏకం చేశాను చూడండని సర్వేయరు దారిపొడవునా మురిసిపోయాడు.

ఇతనికి ప్రత్యర్థి, చిన్ననాటి నుంచీ స్నేహితుడు సిరియాకో బెల్మోంతే. ఎద్దులాంటి మనిషి. బంతిని కొట్టేవాడు కాదు, దాని మీద పాత కక్ష ఏదో తీర్చుకునేవాడు. వీళ్ళిద్దరూ దాదాపు ప్రతి మధ్యాహ్నం ఒకరి మీద ఒకరు ఆడేవారు. ఆటలో నాటకం లేదు, ఎవరు గెలిస్తే వాళ్ళది గెలుపు. తిట్లలోనూ నాటకం లేదు.

"ఏరా సర్వేయరూ, ఇక్కడ ఎకరం ఎంత పలుకుతోంది?" అని సిరియాకో అవతలి నుంచి అరిచేవాడు.

"నీ పొట్ట నీడ పడి ముద్ర కనబళ్ళేదు, కాస్త పక్కకి జరగరా లావోడా," అనేవాడు బల్దొమేరో నేల మీద నుంచి.

వీళ్ళు పేచీ పడుతుంటే చూడ్డానికే వచ్చేవాళ్ళు కొందరుండేవారు. విసుక్కుని ఈలలు వేసేవాళ్ళు అంతకు రెట్టింపు ఉండేవారు. ఎందుకంటే ఆ రోజుల్లో ఆట అంటే ఆగకుండా సాగేది. వైపులు మారేటప్పుడు కుర్చీలో కూర్చుని సేద తీరే ఆనవాయితీ ఇంకా రాలేదు. ఒక గుక్క నీళ్ళు, ముఖం మీద ఒకసారి తువ్వాలు, అంతే, అవతలికి నడవాలి. మధ్యలో ఆటను ఆపగలిగింది వాన, లేకపోతే బల్దొమేరో.

ఆ సంవత్సరం చలికాలం వచ్చేసరికి వానే నయమనిపించింది. సెట్టుకో పేచీ పెట్టేవాడు గేముకో పేచీ పెట్టసాగాడు. ఒకే ముద్రను రెండుసార్లు చూసేవాడు. వయసు మీద పడుతుంటే చాదస్తం ముదురుతుంది కాబోలు అనుకున్నాడు ఎవారిస్తో. బృందం యజమాని దోన్ తెల్మోకి అలా అనుకునే ఓపిక లేదు. పళ్ళపుల్ల నోట్లో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ మాట్లాడే మనిషి ఆయన. పుల్ల ఆగిందంటే ఎవరికో మూడిందని అర్థం.

ఒకరోజు బస్సు టైరు మారుస్తున్న ఎవారిస్తో నెత్తిన నిలబడి పుల్ల ఆపాడు. చిలీ నుంచి ఒక కుర్రఛాంపియన్ వస్తున్నాడు. వాడికి బస్సులో చోటు కావాలి. పాతవాళ్ళలో ఒకణ్ణి దించాలి.

"ఒకడు ఆయాసపడుతున్నాడని నా అనుమానం," అన్నాడు దోన్ తెల్మో. "ఒకడు నేల నాకుతున్నాడన్నది నేను కళ్ళారా చూస్తున్నా. నువ్వు కుర్చీలో ఉంటావు కదా, చెప్పు. ఎవణ్ణి దించను?"

ఎవారిస్తో స్పానరు కింద పెట్టాడు. ఆయాసం మాట సిరియాకో గురించని తెలుస్తూనే ఉంది. సెప్టెంబరులో వసంతం రాగానే కోర్దొబా కొండల్లో ఒక క్లబ్బు సిరియాకోకి ఉద్యోగం ఇస్తానంది. పిల్లలకు ఆట నేర్పాలి, ఉండడానికి ఇల్లు, ఇంటి ముందు రెండు పళ్ళచెట్లు. వాళ్ళకు కావలసింది ఆడుతున్న ఛాంపియన్, ఆయాసపడుతున్నాడని బస్సు దించేసినవాడు కాదు. సీజను పూర్తయ్యేదాకా నిలబడితే సిరియాకోకి మిగతా బతుకు గడిచిపోతుంది. ఇప్పుడు దింపితే ఆ కబురు అతనికంటే ముందే కొండ ఎక్కుతుంది. అందుకని ఎవారిస్తో, సిరియాకో ఉక్కుముక్కలా ఉన్నాడని, బస్సు చెడిపోతే భుజాన వేసుకుని మోయగలడని గట్టిగా చెప్పాడు.

"సరే, అయితే సర్వేయరే," అన్నాడు దోన్ తెల్మో. "ఇంకొక్కసారి మోకాళ్ళ మీద కూర్చున్నాడా, ఆట ఓడిపోయాడని ప్రకటించెయ్. ఆ సాయంత్రమే సామాను దించేద్దాం."

ఒకణ్ణి కాపాడబోయి ఇంకొకణ్ణి గోతిలోకి తోసినట్టయింది. ఎవారిస్తో ఆ రాత్రే భోజనాల దగ్గర బల్దొమేరోని పక్కకు లాగి, సంగతంతా చెప్పి, బతిమాలాడు. నీకు దణ్ణం పెడతాను, సెప్టెంబరు దాకా నేల వంక చూడకు, ఆకాశం చూడు, అమ్మాయిల్ని చూడు, ఏదైనా చూడు అన్నాడు. బల్దొమేరో నెమ్మదిగా మాంసం ముక్క కోసుకుని నమిలాడు.

"చూడకుండా ఎలా నమ్ముతాన్రా?" అన్నాడు.

ఇంకో ముక్క కోసుకున్నాడు. ఎవారిస్తోకి అరికాలి మంట నెత్తికెక్కింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో వాదించొచ్చు, కుందేలు కాళ్ళు కొలవడానికి మోకాళ్ళ మీద కూర్చునేవాడితో ఎలా వాదించడం? నీ ఖర్మ అని లేచిపోయాడు.

ఆగస్టు చివర్లో సాంత రోసా తుఫాను రావడం ఆ దేశంలో పంచాంగంలో రాసిపెట్టినంత ఖాయం. ఆ ఏడు అది వాళ్ళు బ్రగాదో ఊళ్ళో ఉండగా వచ్చింది. కోర్టు ఎర్రటి చారు అయిపోయింది. జనం అప్పటికే టిక్కెట్లు కొన్నారు కాబట్టి ఆటను ఇటాలియన్ల సంఘం నాట్యశాలలోకి మార్చారు. శనివారం డాన్సు కోసం మైనం పూసి అద్దంలా తోమిన చెక్కనేల అది. ఎవారిస్తో దాని మీద అరచేత్తో నిమిరి చూసి, లుహాన్ మాతకు మనసులో కొవ్వొత్తి మొక్కుకున్నాడు. చెక్క మీద బంతి పడితే చప్పుడే తప్ప ముద్ర ఉండదు. ముద్ర లేకపోతే సర్వేయరేం చేస్తాడు? కనీసం ఈ ఒక్కరోజు గండం గడిచినట్టే.

నిజంగానే రెండు సెట్లు పెళ్ళి ఊరేగింపులా సాగిపోయాయి. చెరొకటి గెలిచారు. దోన్ తెల్మో మొదటి వరుసలో కూర్చుని పుల్ల హాయిగా తిప్పుకుంటున్నాడు. మూడో సెట్టు మధ్యలో ఒక పాయింటు సాగింది, సాగింది, సాగీ సాగీ చివరికి బల్దొమేరో కొట్టిన బంతి సిరియాకోకి అందకుండా మూలకు వెళ్ళి, గీతకు మూరెడు లోపల టప్పున పడింది. గుడ్డివాడికి కూడా వినబడింది. ఎవారిస్తో పాయింటు బల్దొమేరోదని ప్రకటించాడు.

బల్దొమేరో టోపీ తీసి వలస్తంభానికి తగిలించాడు. వల కింద నుంచి దూరి అవతలికి వెళ్ళాడు. మూలకు పోయి, ఆ అద్దంలాంటి చెక్కనేల మీద మోకాళ్ళు వేసి, చెంప ఆనించి, ఒక కన్ను మూశాడు.

హాలంతా పైకప్పు ఎగిరేలా నవ్వింది. దోన్ తెల్మో పుల్ల ఆగింది. ఆయన ఎవారిస్తో వంక చూసి, చూపుడువేలు గొంతు మీద అడ్డంగా గీసుకున్నాడు. ఎవారిస్తో కుర్చీ దిగాడు. చెప్పాల్సిన మాట నాలిక చివరే ఉంది. చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి బతుకు మీద కొట్టే మాట. మోకాళ్ళ మీద కూర్చున్నవాడికి నిలబడి చెప్పడం బాగుండదని తను కూడా కూలబడ్డాడు.

"లే," అన్నాడు. "ఇది చెక్క. చెక్క మీద ముద్రలుండవు."

"సరిగ్గా చూడు."

"పాయింటు నీకే ఇచ్చాను కదరా."

"అదే నా అభ్యంతరం."

"నువ్వు ఓడిపోయావని ప్రకటించమన్నాడు తెల్మో. ప్రకటించేస్తున్నా."

"ప్రకటిద్దువుగానీ. ముందు కాసేపు నన్ను తిట్టు. చేతులూపుతూ తిట్టు. వెనక్కి మాత్రం తిరక్కు."

తిరక్కు అన్నాక తిరగనివాడు ఈ భూమ్మీద ఉన్నాడా? ఎవారిస్తో తిరిగి చూశాడు. వేదిక మూలన సిరియాకో జనం వైపు వీపు పెట్టి, రాకెట్ తీగలు సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ నిలబడ్డాడు. నుదురు తెరకు ఆనించి ఉంది. పెదవులు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. ఆ ఎద్దులాంటి ఛాతీలోంచి తిత్తి చిరిగిన బాండోనియన్ వాద్యం వాయించినట్టు కీచుకీచుమని గాలి వస్తోంది, పోతోంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు ఎవారిస్తో.

"ఈస్టర్ నుంచి. హోటలు గోడలు పల్చన కదా, పక్కగదిలో పడుకుంటే వినిపిస్తుంది. ఊపిరి జబ్బులవాళ్ళు ఆ కొండలకు ఎందుకెళ్తారో నీకు తెలీదా? ఆ గాలి తగిలితే బాగుపడతాడు. అందాకా నిలబెట్టాలి."

"నువ్వే కాస్త మెల్లగా కొట్టొచ్చు కదరా."

"కొడితే వాడికి తెలిసిపోతుంది. రాకెట్ నా నెత్తి మీద విరగ్గొడతాడు. నేను నేల చూస్తే ఎవడికి అనుమానమొస్తుంది? ఇన్నేళ్ళు తిట్లు తిని సంపాదించుకున్న పేరు, దేనికైనా పనికిరావాలి కదా."

ఎవారిస్తోకి తన నెత్తిన తనే మొట్టుకోవాలనిపించింది. చలికాలమంతా కుర్చీలో కూర్చుని చూశాడు. గెలిచిన పాయింటు కోసం పేచీ పెట్టేవాడు ఏ దేశంలోనైనా ఉంటాడా అని ఒక్కసారి తట్టలేదు. చెంప నేలకు ఆనించినవాడి తెరిచిన కన్ను గీత వైపు కాకుండా అవతలివాడి ఛాతీ వైపు ఉందని ఒక్కసారి గమనించలేదు.

ఆ తర్వాత జరిగినదాన్ని బ్రగాదో ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది, ఏటేటా కొంచెం పెంచి. ఎవారిస్తో ఉగ్రుడై లేచాడు. రెండు చేతులూ పైకెత్తి, అంపైరు మాటంటే లెక్కలేదా అని గర్జించాడు. ఓడిపోయాడని ప్రకటిస్తాడేమోనని అందరూ చూస్తుంటే, కొలిచే టేపు తెమ్మన్నాడు. టేపు వచ్చేలోగా గీతల దగ్గర కూర్చున్న మందులకొట్టాయన్నీ, బడిపంతులుగారినీ పిలిచి విడివిడిగా సాక్ష్యం తీసుకున్నాడు. మందులకొట్టాయన బంతి లోపలన్నాడు. పంతులుగారు కూడా లోపలే గానీ తన లోపల వేరన్నాడు. చెక్కనేల వేసిన వడ్రంగి జనంలోనే ఉన్నాడని తెలిసి అతన్నీ రప్పించారు. పలక నార అటు పోతోంది కాబట్టి బంతి ఇటు జారి ఉంటుందని అతను ఇటాలియన్‌లో చెప్పాడు. అతని ఇటాలియన్ తప్పని ఇంకో ఇటలీ ముసలాయన లేచాడు. హాలు కుడిపక్క లోపలంది, ఎడమపక్క బయటంది. ఎవరో నానమ్మ, తనకు కళ్ళు కనిపించవు గానీ చప్పుడు మాత్రం బయటి చప్పుడేనని ప్రమాణం చేసింది. పక్కనున్న బారు ఖాళీ అయి గ్లాసులతో సహా జనం లోపలికి వచ్చేశారు. ఈ గొడవ మధ్యలో బల్దొమేరో నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, అందరి వాదనలూ న్యాయంగా వింటూ తలూపాడు.

చివరికి తీర్పు మొదటిదే ఖాయమైంది. పాయింటు బల్దొమేరోదే. అప్పటికి సిరియాకో పెదవులకు మనిషి రంగు వచ్చింది.

"అయిందా పంచాయితీ? నాకు ఆకలేస్తోంది, త్వరగా గెలిచి పోవాలి," అన్నాడు.

అన్నట్టే గెలిచాడు. దోన్ తెల్మో నిప్పులు కక్కుతూ బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చాడు గానీ, ఆయన వెనకే సంఘం అధ్యక్షుడు వచ్చి చేతులు పట్టుకున్నాడు. మా హాలు పుట్టాక ఇంత సరదా ఎరగం, వచ్చే ఏడు పేచీ ఇంకాస్త పొడుగ్గా పెట్టించండి అన్నాడు. దోన్ తెల్మో నోట్లో ఆగిన పుల్ల కాసేపు ఆలోచించి, మెల్లగా మళ్ళీ తిరగడం మొదలెట్టింది. మర్నాడు అంటించాల్సిన పోస్టర్లలో సర్వేయరు పేరు పెద్దక్షరాల్లో వేయమన్నాడు. చిలీ కుర్రాడికి బస్సులో డ్రైవరు పక్కన పీట వేశారు.

వానలో సామాను ఎక్కిస్తుంటే సిరియాకో వచ్చి ఎవారిస్తో భుజం పట్టుకున్నాడు. అటూ ఇటూ చూశాడు.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్. నాకు ఊపిరి సరిగ్గా ఆడ్డంలేదు, కొన్నాళ్ళుగా."

"అయ్యో," అన్నాడు ఎవారిస్తో, అప్పుడే విన్నవాడిలా.

"ముఖ్యంగా సర్వేయరుగాడికి తెలీకూడదు. తెలిస్తే జాలిపడి మెత్తగా కొడతాడు. అలా గెలిచేకంటే ఈ బస్సు కింద పడ్డం నయం. వాడి పిచ్చే నన్ను కాస్తోంది ఎవారిస్తో. నాకు సరిగ్గా దమ్ము అయిపోయేవేళకి వాడికి ముద్ర మీద అనుమానం వస్తుంది, ఏం విచిత్రమో. వాడికి ఆ పిచ్చి తగ్గకుండా చూడు తల్లీ అని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నా."

ఎవారిస్తోకి రెండు బుగ్గల్లో రెండు రహస్యాలు పెట్టుకుని తిరిగినట్టుండేది. నోరు తెరిస్తే ఏది ముందు జారిపడుతుందోనని ఆ వారమంతా సూపు తప్ప ఇంకేమీ తినలేదు.

సీజనులో చివరి ఆట ఎండలో, ఎర్రపొడి మీద పడింది. కొండల్లోని క్లబ్బు అధ్యక్షుడు తమ కొత్త గురువును చూసుకోవడానికి స్వయంగా వచ్చి దోన్ తెల్మో పక్కన కూర్చున్నాడు. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. తుఫానులో తడిసిన బల్దొమేరోకి గొంతు పూర్తిగా పోయింది. ఒతిలియా తేనె పోసింది, ఉన్ని గుడ్డ చుట్టింది, తిట్టింది. ఏదీ పనిచేయలేదు.

చివరి సెట్టు చివర్లో, ఇంకొక్క గేము ఉందనగా సిరియాకో ఛాతీ మళ్ళీ బాండోనియన్ ఎత్తుకుంది. బల్దొమేరో టోపీ తగిలించాడు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు, సున్నా చుట్టాడు. అభ్యంతరం చెప్పబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. ముద్రల వంశవృక్షం మొత్తం ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి మూసి చెప్పాడు. మాటలు లేని పేచీ ఎంతసేపని నడుస్తుంది? జనం ఈలలు మొదలెట్టారు. అతను నిస్సహాయంగా లేచి వెనక్కి వెళ్ళాడు. ఎవారిస్తో కుర్చీ ఎక్కి చూస్తే సిరియాకో పెదవులు ఇంకా నేరేడుపండే. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. పెట్టుకున్నాడంటే చూస్తాడు.

ఎవారిస్తో కుర్చీ దిగాడు.

"ఇందాకటి నా తీర్పు మీద నాకే నమ్మకం కుదర్లేదు," అని కోర్టంతా వినబడేలా ప్రకటించాడు. ముద్ర దగ్గరకు నడిచి, నల్లకోటు మడతపెట్టి పక్కన ఉంచి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెంప నేలకు ఆనించి ఒక కన్ను మూశాడు. ఇటుకపొడి ముక్కులోకి పోయి తుమ్మొచ్చింది, ముద్ర సగం ఎగిరిపోయింది. ఇప్పుడిక సందేహం నిజంగానే మొదలైంది.

బల్దొమేరో కొంతసేపు నోరు తెరిచి చూశాడు. ఇన్నేళ్ళలో అతని చాదస్తాన్ని తప్పుపట్టినవాళ్ళే గానీ, అందులో పాలు పంచుకున్నవాళ్ళు లేరు. పరుగున వచ్చి ఎదురుగా కూలబడ్డాడు. ఇద్దరి నెత్తులూ ఆనుకున్నాయి. ఒకడు సున్నా చుడితే ఒకడు చెరిపాడు. రెండు కోళ్ళు ఒకే గింజ కోసం నేల కెలుకుతున్నట్టుంది.

అధ్యక్షుడు దోన్ తెల్మో వైపు వంగి, రోజూ ఇలాగే జరుగుతుందా అని అడిగాడు. రోజూ ఇంతేనన్నాడు దోన్ తెల్మో, పుల్ల తిప్పుతూ.

"అయినా ఆ లావుపాటాయన చూడండి, ఒక్క మాటనకుండా ఎలా నిలబడ్డాడో," అన్నాడు అధ్యక్షుడు. "పిల్లలకి ఆట నేర్పేవాడికి ఆ ఓపికే కావాలి. ఇంటికి సున్నం వేయించమని ఇవాళే కబురు పెడతాను."

కోర్టు అవతల సిరియాకో వలస్తంభానికి ఆనుకుని, తీరిగ్గా, కడుపునిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఒకటి, ఇంకొకటి. మూడోది మాటకు సరిపోయింది.

"ఒక పిచ్చోడితోనే చస్తుంటే," అన్నాడు, "రెండోవాడు తయారయ్యాడు."